నేను దిద్దిన ఆడవాళ్ల ఊరు

గ్రంథాలయ ఉద్యోగంలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. ఎలుకలు కొరికినవి, చెదలు తిన్నవి, పాఠకులు ఆఖరి పేజీ చింపుకుపోయినవి ఎన్ని పుస్తకాలు చూశానో చెప్పలేను. నా చేత్తో నేను పాడుచేసిన పుస్తకం మాత్రం ఒక్కటే. అది కూడా చెదల కంటే శ్రద్ధగా, రూళ్ల కర్ర పెట్టి గీతలు గీసుకుని మరీ పాడుచేశాను. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలిద్దరు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి మేడమ్" అన్నారు. సన్మానాల గురించో శాలువాల గురించో రాస్తాననుకున్నారేమో. నాకు ముందు గుర్తొచ్చేది ఈ సంగతే, అందుకని ఇదే రాస్తున్నాను. చదివి నవ్వుకోండి, కానీ మీరూ ఇలాంటి పనే చేస్తారని నాకు అనుమానం.

అవి ఎనభైలనాటి రోజులు. నన్ను పల్నాడులో ఒక శాఖా గ్రంథాలయానికి వేశారు. ఊరి పేరు చెప్పను. మాచర్ల పోయే చిన్న రైలు ఆగే ఊరు, చుట్టూ నాపరాయి క్వారీలు, మే నెలలో ఇనప బీరువా తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే ఊరు అనుకోండి చాలు. మాది తెనాలి వైపు, కాలవ గట్టున పుట్టినదాన్ని. పల్నాడు అనగానే మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నేను మాత్రం ఆడదాని ఉద్యోగం అంటే ఏమిటో లోకానికి చూపిద్దామని ట్రంకుపెట్టె సర్దుకుని రైలెక్కాను. అప్పట్లో నాకు లోకానికి చూపించాల్సినవి చానా ఉండేవి.

లైబ్రరీ అంటే రెండు గదులు, నాలుగు బీరువాలు, ఒక పొడుగాటి బల్ల. బల్ల చుట్టూ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మగవాళ్లే. ఒక పేపరును నాలుగు ముక్కలు చేసుకుని, ఒకరు చదివిన ముక్క ఇంకొకరికి అందిస్తూ కూచునేవారు. ఆడవాళ్లు గడప తొక్కేవారు కాదు. అలాగని చదవరని కాదు. నవలలన్నీ వాళ్ల కోసమే బయటికెళ్లేవి, భర్తల కార్డుల మీద. ఆ భర్తలు కౌంటరు దగ్గరకొచ్చి, "మా ఆడోళ్లకి ఏదైనా ఒకటి ఇయ్యండి మేడమ్, లావుగా ఉండేదియ్యండి" అనేవారు. లావుగా ఉంటే మళ్లీ వారం దాకా తిరగక్కర్లేదని.

లైబ్రరీ వీధి చివర ఒక ముస్లిం ఆవిడ కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. అందరూ ఆపా అనేవారు, నేనూ ఆపా అనేదాన్ని. ఒకరోజు నా కొలతలు తీసుకుంటూ, నోట్లో టేపు పట్టుకునే అడిగింది.

"మా ఆయన తెచ్చిందే తెస్తన్నాడమ్మా. ఒకే నవల మూడుసార్లు చదివినా. నేనే వచ్చి ఏరుకుంటే కుదరదా?"

"ఎందుక్కుదరదు? రండి."

"అంతమంది మొగోళ్ల మధ్యకా?"

జవాబు కూడా ఆవిడే చెప్పింది. శుక్రవారం లైబ్రరీకి సెలవు. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ల మగవాళ్లు నమాజుకు పోతారు, పోయినవాళ్లు కబుర్లు చెప్పుకుని గానీ ఇల్లు చేరరు. ఆ టైములో తలుపు తీస్తే?

తీశాను. రెండు నుంచి నాలుగు దాకా, ఆడవాళ్లకు మాత్రమే. పై అధికారులను అడగలేదు, అడిగితే వద్దంటారని తెలుసు. మా అటెండరు మాత్రం గొణిగాడు. "సెలవునాడు తాళం తీస్తే రూల్సు ఒప్పుకోవమ్మా. నేను చూళ్లేదు, నాకు తెలవదు" అని బయట మెట్టు మీద మాకు వీపు పెట్టి కూచునేవాడు. మొహం అటుంచాడే గానీ చెవులు రెండూ ఇటే ఉండేవి. మేం ఏదైనా చదువుతూ మధ్యలో ఆపితే, "తర్వాతేమైందో చెప్పండమ్మా" అని వెనక్కి తిరక్కుండానే అరిచేవాడు.

ఆర్నెల్లు తిరిగేసరికి పదిమంది దాకా వస్తున్నారు. అందులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకావిడ లాయరుగారి భార్య. వారపత్రికల్లో సీరియళ్లన్నీ ఆవిడకు కంఠతా వచ్చు, ఏ రచయిత్రి ఏ హీరోయిన్‌కి ఎక్కడ అన్యాయం చేసిందో తేదీలతో సహా చెప్పేది. రెండో ఆమె క్వారీలో రాళ్లు మోసే మనిషి. నలభై ఏళ్లుంటాయి. మేమంతా అక్కా అనేవాళ్లం. వయోజన విద్య సెంటరులో అక్షరాలు నేర్చుకుంది, ఒత్తుల దగ్గరికొచ్చేసరికి ఆ సెంటరు మూతపడింది. క్వారీకి సెలవు కూడా శుక్రవారమే కావడంతో మా దగ్గరికొచ్చేది. మొదటిరోజే నాతో ఒక మాట అంది.

"నాకు కతలు ఇనాలని కాదమ్మా. అచ్చరాలు మర్చిపోతన్నా. వారానికోసారన్నా కళ్ల చూడకపోతే నా పేరు కూడా పోతది."

నిజంగా అంతే. ఆ రెండు గంటలు తీసేస్తే మిగతావాళ్లకు కాలక్షేపం పోతుంది, ఆమెకు చదువే పోతుంది. ఇది నాకు అప్పుడే అర్థమైందని చెప్పుకోవాలనుంది గానీ, అర్థం కాలేదు.

ఒక శుక్రవారం బీరువా అడుగున అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. పేరు లేదు, రాసినవాళ్ల పేరు లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. ఎవరో పాతకాలపు రచయిత్రి రాసిందని మాత్రం తెలుస్తోంది. సముద్రం మధ్యలో ఒక దీవి, అందులో అందరూ ఆడవాళ్లే. తెల్లచీరలు కట్టుకుంటారు, శాస్త్రాలు చదువుకుంటారు, వెన్నెల్లో పాడుకుంటారు, కోపమన్నది ఎరగరు. నాకు ఒళ్లు పులకరించింది. నాలుగు వారాలు గొంతు సవరించుకుని మరీ చదివి వినిపించాను. చివరి పేజీ అయ్యాక కళ్లజోడు తీసి, ఎలా ఉందన్నట్టు అందరి వంకా చూశాను.

అక్క అడిగింది. "అక్కడ అంట్లెవరు తోముతారమ్మా?"

పుస్తకం వెనక్కి తిప్పి వెతికాను. ఎక్కడా లేదు. దీవిలో అంతమంది ఆడవాళ్లు తింటున్నారు గానీ గిన్నె కడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"రాసినావిడకి పనిమనిషి ఉండుంటది" అంది ఆపా. అందరూ ఒకటే నవ్వు. మెట్టు మీద అటెండరు కూడా నవ్వాడు.

ఆ నవ్వులోంచే పుట్టింది మా పుస్తకం. వాళ్ల దీవి సంగతి సరే, మన ఊరెట్లా ఉండాలో మనమే రాసుకుందాం అంది లాయరుగారి భార్య. ఒక పెద్ద రూళ్ల పుస్తకం తెచ్చాను. ఒకరు రాయడం, వారం తర్వాత చదవడం, అందరూ పోట్లాడుకోవడం. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు నిండినట్టుంటుంది. మొదటి పేజీలోనే తగువు. మగవాళ్లుండాలా వద్దా?

"ఒక్కడు కూడా ఉండకూడదు" అంది లాయరుగారి భార్య.

"మరి నా కొడుకుల్ని నేనేడ పెట్టేది? ముగ్గురున్నారు" అంది ఆపా. "ఉండనీయండి. కాకపోతే ఇంట్లోకొచ్చేముందు తలుపు కొట్టి రావాల."

"మరి నేను?" అన్నాడు మెట్టు మీంచి అటెండరు. చర్చ జరిపి, ఆయన వరకూ అనుమతి ఇచ్చాం. ఇప్పుడు కూచున్న చోటే కూచోవాలని షరతు పెట్టాం.

ఆ ఊళ్లో కుళాయి నీళ్లు తెల్లారుజామున కాకుండా పది గంటలకొస్తాయి, వంట పని తెమిలాక. వీధికి ఒక వంటశాల, వంతులవారీగా అంట్లు, వంతు తప్పించుకుంటే లాయరుగారి భార్య జడ్జీగా కూచుని శిక్ష వేస్తుంది. బయటికి వెళ్తున్న ఆడమనిషిని "ఎక్కడికి?" అని అడగడం నేరం. అక్క అందరికంటే ఆఖర్న రాసింది. ఒక్క పేజీ రాయడానికి ఆరు వారాలు పట్టింది. బండలు మోసిన చేత్తో పెన్సిలు గట్టిగా నొక్కి రాస్తే అవతలి పేజీలో కూడా అక్షరాలు తేలాయి.

సరిగ్గా అప్పుడే ఒక వారపత్రిక స్త్రీల కోసం నవలికల పోటీ పెట్టింది. నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. "సాపు ప్రతి నేను రాసి పంపుతాను, ఆ భారం నాకొదిలేయండి" అన్నాను. పాపం నమ్మి వదిలేశారు.

మూడు వారాలు రాశాను. రాస్తూ రాస్తూ దిద్దడం మొదలుపెట్టాను. కుళాయి నీళ్ల గోల ఏమిటి, ఇది ఆదర్శలోకమా, మున్సిపాలిటీకి పెట్టుకున్న అర్జీయా అనిపించింది. కొట్టేశాను. అంట్ల వంతులు కొట్టేసి, వాటంతట అవే వండుకుని కడుక్కునే యంత్రాలు పెట్టాను. ఆడ ప్రధానమంత్రిని, ఆడ శాస్త్రవేత్తలను, ఆడవాళ్లు నడిపే విమానాలను తెచ్చాను. తలుపు కొట్టే కొడుకులు పోయారు. అటెండరూ పోయాడు. వాళ్ల మాటలన్నీ చక్కటి గ్రాంథికానికి దగ్గరగా మార్చాను. అక్క పేజీ దగ్గర కొంచెంసేపు ఆగాను. చదివాను. ఇది పోటీకి పంపితే నవ్విపోతారనుకుని మొత్తం వదిలేశాను. తప్పు చేస్తున్నానని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. వాళ్లకు గొప్ప ఉపకారం చేస్తున్నానని మురిసిపోయాను.

ఆ సాపు ప్రతి పట్టుకుని చదివి వినిపిద్దామని వెళ్లిన శుక్రవారమే, మధ్యాహ్నం రైలు దిగి జిల్లా నుంచి మా అధికారి వచ్చారు. పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవారు. చంకలో గొడుగు, చేతిలో ఒక కాగితం. అటెండరు మెట్టు మీంచి లేచిన తీరు చూసే వచ్చిందెవరో నాకు అర్థమైంది.

"ఏమ్మా, సెలవునాడు తలుపులేసుకుని ఆడవాళ్లను పోగేసి, మొగుళ్ల మీద ఏదో పుస్తకం రాయిస్తున్నారట?" అన్నారు. చేతిలో ఉన్నది ఆకాశరామన్న ఉత్తరం. లాయరుగారి భార్య ఆ ఉత్తరం వంక ఒకసారి చూసి నా చెవిలో, "ఆ మార్జిను గీసిన లాయరు కాగితం మా ఇంట్లోదే" అంది.

ఆయన ఆ పుస్తకమేదో చూపించమన్నారు. బల్ల మీద రెండూ ఉన్నాయి, రూళ్ల పుస్తకమూ, నా సాపు ప్రతీ. నేను సాపు ప్రతి అందించాను. అందులో ఎవరి మొగుణ్ణీ ఎవరూ ఏమీ అనలేదు కదా, ఉద్యోగం నిలుస్తుందని ఆశ.

ఆయన నిలబడే నాలుగు పేజీలు చదివారు. ఆవులించారు.

"ఆడవాళ్లు విమానాలు నడుపుతున్నారు. అంతేనా?"

"అంతే సార్."

"దీనికి పిటిషను ఎందుకు రాశాడో వాడికే తెలియాలి. మీ మీద యాక్షన్ ఏమీ ఉండదులెండి. కానీ ఇలాంటి కథలకు సెలవునాడు ఆఫీసు తెరవడం ఎందుకమ్మా? ఎవరింట్లో వాళ్లు కూచుని ఊహించుకోవచ్చుగా. వచ్చేవారం నుంచి మానేయండి."

ఆయనన్నదాంట్లో తప్పేముంది? ఆ కథను ఎవరింట్లో కూచునైనా ఊహించుకోవచ్చు. ఉద్యోగం దక్కిందన్న సంతోషం ఒక పక్క, శుక్రవారం పోయిందన్న బాధ ఇంకో పక్క. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన సంతోషమే ఎక్కువగా ఉంది.

అప్పుడు అక్క లేచింది. "సారూ, ఆ కాయితాల్లో ఉండేది మా ఊరు కాదు."

"మరి?"

"అది అమ్మ రాసింది. మాది ఇది" అని రూళ్ల పుస్తకం తీసి, తన పేజీ వెతుక్కుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆ పేజీ నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

"మా ఊళ్లో బస్సు దిగే కాడ ఒక బండ ఉంటది. పని కాన్నించి వచ్చే ఆడమనిసి దాని మీద కూచుంటది. కాళ్లు చాపుకుంటది. ఎందుకు కూచున్నావే అని ఎవురూ అడగరు. ఆడోళ్లకి మరుగుదొడ్డి ఉంటది. దానికి తలుపు ఉంటది. తలుపుకి లోపల గడియ ఉంటది. గడియ ఊడితే ఆ రోజే బిగిస్తారు. నా పేరు నేను రాసుకుంటాను."

చదవడం అయ్యాక ఆమె పుస్తకం మూయలేదు, వేలు అక్కడే పెట్టుకుని ఆయన వంక చూస్తూ నిలబడింది. "ఇక్కడికి రాకపోతే ఈ అచ్చరాలు నాకు ఉండవు సారూ" అంది.

పెద్దాయన కుర్చీ లాక్కుని కూచున్నారు. నా వైపు తిరిగారు.

"ఈ బిల్డింగులో ఉందా అమ్మా, అలాంటిది?"

నా కంటే ముందు అటెండరు అందుకున్నాడు. "మొగోళ్లకి వెనక గోడ ఉంది సార్."

"నేనడిగింది అది కాదు. మీరెక్కడికి వెళ్తారమ్మా?"

"ఆపా వాళ్లింటికి సార్."

"ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లు."

ఆ మాట అంటుంటే తలెత్తలేకపోయాను. ఆయన ముందు కాదు సిగ్గుపడింది, అక్క ముందు. ఇది కూడా ఒక కలేనా అని నేను పక్కనపడేసిన పేజీ నా రోజువారీ అవసరం గురించే ఉంది. రెండేళ్లుగా రోజూ ఆపా గుమ్మం తొక్కుతున్న మనిషిని, ఊహాలోకంలో విమానాలు పెట్టాను గానీ దానికో తలుపు పెట్టాలని తోచలేదు.

ఆయన తనిఖీ రిజిస్టరు తెప్పించుకుని రాశారు. శుక్రవారం రెండు నుంచి నాలుగు వరకు స్త్రీలకు పఠన సమయం, ఆర్నెల్లపాటు ప్రయోగాత్మకంగా. లైబ్రేరియనుకు బదులు సెలవు. స్త్రీలకు మరుగుదొడ్డి కట్టడానికి ప్రతిపాదన పంపవలెను. సంతకం పెట్టి గొడుగు తీసుకుని లేస్తూ, "ఆకాశరామన్నకు జవాబు రాద్దామంటే అడ్రసు లేదు" అన్నారు. లాయరుగారి భార్య, "నేను చెప్తాలెండి సార్" అంది. ఆ రాత్రి వాళ్లింట్లో ఏం జరిగిందో మాకు తెలీదు గానీ మరుసటి శుక్రవారం ఆవిడ అందరికంటే ముందొచ్చింది.

ఆర్నెల్ల ప్రయోగం నేనక్కడున్న మిగతా మూడేళ్లూ నడిచింది. మరుగుదొడ్డి ప్రతిపాదన ఎన్ని బల్లలు తిరిగిందో, గోడలు లేచేసరికి రెండేళ్లు దాటింది. గడియ నేనే కొన్నాను, బిగించింది అటెండరు. పోటీకి సాపు ప్రతి పంపలేదు. రూళ్ల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎవరి పేజీ వాళ్లు మళ్లీ రాసి పంపాం. ప్రచురణకు స్వీకరించలేకపోతున్నామని చింతిస్తూ తిరుగు టపాలో వచ్చింది. మాకేమీ చింత లేదు. అట్ట వేసి బీరువాలో పెట్టాం. లాయరుగారి భార్య మాత్రం ఆ పత్రిక చందా మానేసింది.

ఇదంతా తర్వాతి మాట. ఆ రోజు అధికారి రైలుకు వెళ్లిపోయాక మేం ఇంకా కూచునే ఉన్నాం. సాపు ప్రతి చింపబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"చింపమాక, రాత బాగుంది. నాకు అచ్చరాలు దిద్దుకోటానికి పనికొస్తది" అంది. తర్వాత రూళ్ల పుస్తకం నా ముందుకు తోసింది. "అందరం రాసినాం. నువ్వు మాయన్నీ దిద్దినావు గానీ నీదేదమ్మా? నీ పేజీ లేదే."

నిజమే, లేదు. ఏడాదిగా ఆ పుస్తకానికి గీతలు గీశాను, పేజీలకు అంకెలు వేశాను, తప్పులు వెతికాను, చివరకు దాన్నే మార్చేశాను. నా ఊరెలా ఉండాలో ఒక్క ముక్క రాయలేదు. పెన్సిలు తీసుకున్నాను. ప్రధానమంత్రీ గుర్తురాలేదు, విమానాలూ గుర్తురాలేదు. చానాసేపు కూచుని ఒకే వాక్యం రాశాను.

అక్క పుస్తకం తనవైపు తిప్పుకుని, వేలు పెట్టి, అందరికీ వినపడేలా చదివింది.

"ఆ ఊళ్లో నేను ఆఫీసుకు పోయే ముందు కూడా మంచినీళ్లు తాగుతాను."

ఎవరూ అర్థమేమిటని అడగలేదు. ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో ఉన్న పదిమందీ పొద్దున్నే పనికో ప్రయాణానికో బయల్దేరేముందు, తర్వాత ఎక్కడికి పోవాలా అని గ్లాసు పక్కన పెట్టినవాళ్లే. ఆపా లేచి కూజా దగ్గరికెళ్లి, గ్లాసు నిండా నీళ్లు ముంచి నా చేతికిచ్చింది.

"తాగమ్మా, ఏం కాదు. మా ఇల్లు ఐదు నిమిషాలేగా" అంది.